గోదారి డెల్టా డిజిటల్ సేకరణలకు మెటాడేటా: ఎవరడిగినా దొరికేలా రాసే పద్ధతి

డెల్టాలో ఇప్పుడు స్కానింగుకి కొదవ లేదు. ఊరి గ్రంథాలయం, హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం, గుడి కమిటీ, చేనేత సొసైటీ, ఓపికున్న రిటైర్డు మాస్టారు, ఎవరో ఒకరు పాత ఫొటోలూ ఉత్తరాలూ కరపత్రాలూ క్యాసెట్లూ కంప్యూటర్లోకి ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ హార్డ్ డిస్కు తెరిస్తే కనిపించేవి మాత్రం ‘ఐఎంజీ 2043’, ‘స్కాన్ 0017’, ‘కొత్త ఫోల్డర్ 3’. ఎక్కించినాయన ఉన్నన్నాళ్లూ ఇబ్బంది తెలీదు. ఏది అడిగినా ఆయనే తీసిస్తాడు. ఆయన లేని రోజున అందులో ఏముందో చెప్పే నాథుడుండడు.

ఆ చెప్పే పని చేసేది మెటాడేటా. ఈ ఫైలులో ఏముంది, ఎవరున్నారు, ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిచ్చారు, ఎవరు చూడొచ్చు అన్న వివరాల పట్టీ. దీనికి అంతర్జాతీయ ప్రమాణాలు బోలెడున్నాయి, వాడుకోదగ్గవే. చిక్కంతా అడిగేవాళ్ల దగ్గర వస్తుంది. ఒకే వరద ఫొటోని ఏటి మధ్య లంకలో ఉండే రైతు ఒక మాటతో అడుగుతాడు, ఇరిగేషన్ ఇంజనీరు ఇంకో మాటతో అడుగుతాడు, ఎప్పుడో బర్మా వెళ్లిన కుటుంబం మనవడు ఇంగ్లీషు అక్షరాల్లో మూడో మాట కొడతాడు. రికార్డు ఒక్కరి మాటలో రాసి ఊరుకుంటే మిగతా ఇద్దరికీ ఆ ఫొటో లేనట్టే.

స్ప్రెడ్‌షీటు వాడటం వచ్చినవాళ్లెవరైనా కింది పద్ధతిలో పని మొదలుపెట్టొచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్ తర్వాత సంగతి.

1. ముందు ప్రశ్నలు, తర్వాతే పట్టిక

కాలమ్‌లు గీసే ముందు ఒక కాగితం తీసుకుని, మీ సేకరణ కోసం ఎవరెవరు వస్తారో, వచ్చి ఏమని అడుగుతారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. కూర్చుని ఊహిస్తే లాభం లేదు. రేవులో, టీ కొట్టు దగ్గర, బడి స్టాఫ్ రూములో కనుక్కుని రాయండి. మన దగ్గర వినపడే ప్రశ్నలు ఇలా ఉంటాయి.

లంక రైతు: “ఎనభయ్యారు వరదకి మా లంక ఎందాకా కోసేసిందండీ? అంతకుముందు గట్టు ఎక్కడుండేది?”

చేపలవేటకెళ్లే కుటుంబం ఆడపడుచు: “మా అమ్మమ్మ పాడిన పాట మీ కాడ టేపులో ఉందంట కదండీ?”

పరిశోధక విద్యార్థి: “కాలువల మీద పడవ రవాణా ఫొటోలు కావాలి. తేదీ, ఎవరు తీశారు, ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి అన్నది ఉంటేనే వాడుకోగలను.”

వలస కుటుంబాల వారసుడు: తెలుగు చదవడం రాదు. చేతిలో ఉన్నది తాతగారి పాత కాగితం, అందులో ఇంగ్లీషులో ఎవరో విన్నట్టు రాసుకున్న ఊరి పేరు. బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగి రేవు పేరుమీద కోరంగీలనే పిలిచేవారు, కాబట్టి ఇతను వెతికే మొదటి మాట కోరంగే అయినా ఇంటివాళ్లది వేరే తాలూకా కావచ్చు.

తొమ్మిదో తరగతి అమ్మాయి: “కోనసీమ తుపాను ప్రాజెక్టుకి మూడు ఫొటోలు. రేపటికి.”

డిజిటల్ భద్రపరిచే వ్యవస్థలకు మూలనమూనా అనదగ్గది ఓఏఐఎస్ (ఓపెన్ ఆర్కైవల్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్). అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దగ్గర 14721 దాని నంబరు. మనం ఎవరికోసం దాస్తున్నామో ఆ జనం పక్కన నిపుణుడు లేకుండానే దాచినదాన్ని అర్థం చేసుకోగలగాలి, దానికి కావలసిన సమాచారాన్నీ వస్తువుతో పాటే దాచాలి అన్నది అందులోని ముఖ్యమైన సంగతి. ‘దింపు’ అని రాస్తే కోనసీమలో ఎవరికీ వివరం అక్కర్లేదు. కొబ్బరి చెట్టెక్కి కాయలు దించడమని కరీంనగర్ కుర్రాడికి మాత్రం చెప్పాలి. అతను మీ పాఠకుడు అవునో కాదో ముందే తేల్చుకోవాలన్నమాట.

అందరికీ అన్నీ చేయలేం. ఎక్కువగా వచ్చే ఇద్దరినో ముగ్గురినో ముందు పెట్టుకోండి. నా మటుకు ఊరివాళ్లనే మొదట పెడతాను. పరిశోధకుడు ఎలాగో తిప్పలు పడి వెతుక్కుంటాడు, ఊరివాళ్లు ఒకసారి దొరక్కపోతే మళ్లీ రారు.

2. ఫైలు చెడకముందే చేయాల్సినవి

స్కానర్ నుంచి వచ్చిన అసలు ఫైలుని ఎవరూ ముట్టుకోకూడదు. కత్తిరింపులు, రంగు దిద్దుబాట్లు నకలు మీదే. ఫొటోలకి టిఫ్, ధ్వనికి వేవ్, పుస్తకాలకి పీడీఎఫ్-ఏ (ఏళ్ల తరబడి దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం) అసలు ప్రతులుగా పెట్టుకుంటే చాలు. ఫైలు పేరు చిన్నదిగా, ఖాళీలు లేకుండా, ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలతో ఉండాలి: సేకరణకో పొట్టిపేరు, వస్తువు రకం, నాలుగంకెల నంబరు. వివరాలన్నీ ఫైలు పేరులో కుక్కాలని చూడకండి, వివరాలుండాల్సింది పట్టికలో.

ప్రతి అసలు ఫైలుకీ ఒక చెక్‌సమ్ తీసి పట్టికలో రాయండి. ఫైలు లోపలి డేటాని బట్టి కంప్యూటరు లెక్కగట్టే వేలిముద్రలాంటి వరుస అది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాల వరుస వస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా వరుస మారిపోతుంది, కాబట్టి డిస్కు నిశ్శబ్దంగా చెడిపోతున్నా తెలిసిపోతుంది. మూడు నకళ్లు ఉండాలి, అందులో ఒకటి డెల్టా బయట. మూడూ ఒకే ఏటిగట్టు కింద ఉంటే అవి ఒక నకలు కిందే లెక్క.

వాట్సాప్ సంగతి. గ్రూపుల్లో ఫొటో మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది, కెమెరా ఫొటోలో దాచిన తేదీ, స్థలం లాంటి వివరాలనీ తీసేస్తుంది. పంపేవాళ్లని ‘డాక్యుమెంట్‌’గా పంపమనండి. వచ్చిన ఫైలు మీద కనిపించే తేదీ మీకు అందిన తేదీ. అలాగే స్కానర్ ఫైలులో ఉన్నది స్కాన్ చేసిన రోజు. ఈ రెంటినీ ఫొటో తీసిన తేదీ గడిలోకి ఎక్కించేసిన సేకరణల్లో 1950ల నాటి పెళ్లి ఫొటో 2019లో కనిపిస్తుంది.

3. గడులు ఎంచుకోవడం

1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్ ఊళ్లో జరిగిన సమావేశంలో మొదలైన మెటాడేటా ప్రమాణం డబ్లిన్ కోర్‌లో 15 గడులున్నాయి: శీర్షిక, కర్త, విషయం, వివరణ, ప్రచురణకర్త, సహకర్త, తేదీ, రకం, ఫార్మాట్, గుర్తింపు, మూలం, భాష, సంబంధం, పరిధి, హక్కులు. చిన్న సేకరణకి ఇది మంచి పునాది. రేపు మీ పట్టికని ఏ పెద్ద గ్రంథాలయ వ్యవస్థలోకి ఎక్కించాలన్నా ఈ గడులు వాళ్లకి అర్థమవుతాయి.

పదిహేనూ నింపాల్సిన పన్లేదు. అలాగే ఈ పదిహేనుతోనే మన పని తీరదు కూడా. తేదీ ఒక గడి, స్థలం ఒక గడి అనుకుంటే మన సరుకు అందులో పట్టదు. రెంటినీ విడగొట్టాలి, ఎలాగో కింద చెప్తాను.

పట్టికని ఎక్సెల్‌లో చేస్తున్నారా? తేదీ కాలమ్‌ని ముందే ‘టెక్స్ట్’గా మార్చండి. లేకపోతే అది మీ తేదీని తనకి తోచినట్టు తిరగరాస్తుంది. 1900కి ముందు తేదీలైతే దానికి తేదీలే కావు. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైలుని (కామాలతో గడులు విడదీసిన మామూలు పాఠం ఫైలు) నేరుగా తెరిస్తే ఒక్కోసారి అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి. ‘యూటీఎఫ్-8’ అనే ఎన్‌కోడింగు (అక్షరాలని కంప్యూటరు దాచే పద్ధతి) ఎంచుకుని తెరవాలి. లిబ్రె ఆఫీసు క్యాల్క్ తెరిచేటప్పుడే ఏ ఎన్‌కోడింగో అడుగుతుంది, ఈ పనికి అదే నయం.

4. తేదీలు: అరవై ఏళ్ల చక్రం, ఫసలీ, ‘వరదొచ్చిన ఏడు’

మన కాగితాల మీద తేదీ మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. విదేశీ మార్గదర్శకాలు ఇక్కడ మనల్ని ఏటి మధ్యలో వదిలేస్తాయి.

సంవత్సరం పేరు. ‘ధాత నామ సంవత్సరం కార్తీకం’ అని ఉత్తరంలో ఉంది. పేర్లు అరవై, అయ్యాక మళ్లీ మొదలు. కాబట్టి ఇది 1936 కావచ్చు, 1996 కావచ్చు. ఉత్తరంలో “గాలివానకి మన తోటలో కొబ్బరిచెట్లు సగం పడిపోయినై” అని ఉంటే, 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుపాను తర్వాత వారంలోపే కార్తీకం వచ్చింది కాబట్టి 1996 అనే వాదనకి బలమొస్తుంది. పోస్టుకార్డు ధర, సిరా, చిరునామాలో పిన్‌కోడు ఉందా లేదా అన్నవి కూడా చూడాలి. పిన్‌కోడు మన దేశంలో 1972లో వచ్చింది. అది కనిపిస్తే 1936 మాటే లేదు.

ఫసలీ. ఇది రెవెన్యూ లెక్కల సంవత్సరం. అడంగళ్లు (ఊరి భూమి, పంటల లెక్కల పుస్తకాలు), శిస్తు రశీదులు ఫసలీ లెక్కలో ఉంటాయి. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. కాకపోతే ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫసలీ 1396 అంటే 1986 జూలై నుంచి 1987 జూన్ దాకా. ఎనభయ్యారు ఆగస్టు వరదలో మునిగిన సార్వా పంట లెక్క కోసం వచ్చిన రైతుకి తీయాల్సింది ఈ ఫసలీ పుస్తకం. రికార్డులో ఒట్టి 1986 అని రాస్తే 1395 పుస్తకం కూడా చేతికొస్తుంది, అందులో ఆ వరద ఉండదు.

గుర్తు తేదీ. ‘పెద్ద వరదొచ్చిన ఏడు’, ‘తుపానుకి ముందు’. మౌఖిక కథనాల్లో ఇవే ఎక్కువ. వీటిని తీసిపారేయొద్దు. 1953 వరద చూసినవారికీ 1986 చూసినవారికీ ‘పెద్ద వరద’ వేరు. చెప్పినాయన వయసు అడిగి పక్కన రాసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

అందుకే తేదీకి మూడు గడులు పెట్టండి. ‘ఉన్నది ఉన్నట్టు’, అంటే వస్తువు మీద రాసినది అక్షరం మార్చకుండా. ‘తేల్చిన తేదీ’, అంటే సంవత్సరం-నెల-రోజు వరుసలో అంకెలు. ‘ఆధారం’, అంటే ఎలా తేల్చారో ఒక వాక్యం. అనుమానాన్ని రాసే పద్ధతి కూడా ప్రమాణాల్లో ఉంది. ఐఎస్ఓ 8601 రెండో భాగంలో 2019లో చేరిన విస్తరించిన తేదీ విధానం ప్రకారం 1986~ అంటే సుమారుగా, 1986? అంటే అనుమానం, 1986-07/1987-06 అంటే ఆ మధ్యకాలం. ఈ గుర్తులు కంప్యూటరుకీ అర్థమవుతాయి, మనిషికీ అర్థమవుతాయి.

ఆధారం గడిలో ఏం రాయాలో ఒక ఉదాహరణ. రాజమండ్రి రేవులో తీసిన గ్రూపు ఫొటో, తేదీ లేదు. వెనక గోదారి మీద వంతెనలు కనిపిస్తున్నాయి. హేవ్‌లాక్ వంతెన 1900లో, రోడ్డు కమ్ రైలు వంతెన 1974లో, ఆర్చి వంతెన 1997లో వాడుకలోకి వచ్చాయి. రోడ్డు కమ్ రైలు వంతెన ఉండి, ఆర్చిల జాడ ఎక్కడా లేకపోతే 1974/1997 అని రాసి, ‘వెనక వంతెనల్ని బట్టి’ అని ఆధారం పెట్టండి. కట్టడం వాడుకలోకి రాకముందే ఫొటోలో కనిపించొచ్చు కాబట్టి అంచులు కొంచెం వదులుగానే చూడాలి. రేపెవరో పెళ్లికార్డు తెచ్చి సరైన తేదీ చెప్తే దిద్దుకోవచ్చు, పాత అంచనా ఎందుకొచ్చిందో వాళ్లకీ తెలుస్తుంది.

5. స్థలాలు: ఊరు కదలదు, జిల్లా కదులుతుంది

అమలాపురం ఒక్కటే తీసుకోండి. 1920 నాటి కాగితంలో అది మద్రాసు ప్రెసిడెన్సీ, గోదావరి జిల్లా. 1925 తర్వాత తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా కేంద్రం, అదే ఏడు ఆ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయింది. ఊరు అంగుళం కదలకుండానే చిరునామా ఇన్నిసార్లు మారింది.

పాత కాగితం మీదున్న జిల్లాని ఇప్పటి పేరుకి దిద్దేస్తే పరిశోధకుడికి మోసం. దిద్దకపోతే బడిపిల్లకి దొరకదు. అంచేత ‘అప్పటి స్థలం’, ‘ఇప్పటి స్థలం’ అని రెండు గడులు, వాటితో పాటు అక్షాంశ రేఖాంశాలు. వీలుంటే వికీడేటాలో (వికీపీడియా కుటుంబంలోని ఉచిత సమాచార పట్టిక) ఆ ఊరికున్న గుర్తింపు సంఖ్య కూడా. పేర్లు ఎన్ని మారినా ఆ సంఖ్య మారదు. గన్నవరం అంటే కోనసీమలో ఉన్న పి.గన్నవరమా, విజయవాడ దగ్గరదా అన్న గొడవ కూడా దాంతో తీరుతుంది.

ఇంకో గడి కూడా కావాలి: వాడుక పేర్లు. రాజమహేంద్రవరం, రాజమండ్రి, రాజమంద్రి. కాకినాడకి పాత ఇంగ్లీషు రాతల్లో కొకనాడా. యానాం ఫ్రెంచివాళ్ల కాగితాల్లో యానాన్. ఇవన్నీ తెలుగులోనూ రాయండి, ఆ కాలం ఇంగ్లీషు స్పెల్లింగుల్లోనూ రాయండి. ఆ వలస కుటుంబాల మనవడికి తలుపు తెరిచేది ఈ ఒక్క గడే.

లంకలతో అసలు తంటా. గౌతమి ఒడ్డునో వశిష్ఠ ఒడ్డునో ఉన్న లంక పాతికేళ్లలో సగం ఏట్లో కలిసిపోయి ఉండొచ్చు, కొత్త మేట ఇంకో చోట వేసి ఉండొచ్చు. ఫొటో తీసినచోట ఇప్పుడు నీళ్లున్నా సరే, అప్పటి చోటు గుర్తులే పెట్టండి, ‘ఇప్పుడు ఏటిలో’ అని వివరణలో రాయండి. దగ్గరున్న ఊరి మధ్యలో చుక్క పెట్టేస్తే రైతు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు మీ చేత్తోనే చెరిపినట్టు. మనవాళ్లు చోటు చెప్పే తీరు కూడా పట్టుకోండి: ఫలానా రేవు, ఫలానా లాకుల (కాలువ నీటిమట్టాన్ని అదుపు చేసే తలుపుల) దిగువన, పంటకాలువ పక్క బోదె (పిల్లకాలువ). మ్యాపులో లేని ఈ పేర్లు పెద్దవాళ్ల నోటనే మిగిలాయి.

6. తెలుగు రాత: కంటికి ఒకటే, కంప్యూటరుకి వేరు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు వెతికినవాళ్లకి ఈ బాధ తెలుసు. పేర్లు రోమన్ లిపిలో, తలోతీరు స్పెల్లింగులో ఎక్కించారు. పుస్తకం ఉంది, దాని పేరు మాత్రం మనం కొట్టే పేరు కాదు. మీ పట్టికలో శీర్షిక ముందు తెలుగు యూనికోడులో ఉండాలి. ముద్రణలో అరసున్న, బండి ఱ ఉంటే ఒక గడిలో అలాగే ఉంచి, పక్క గడిలో ఇప్పటి రాతలో రాయండి. మూడో గడిలో జనం ఫోన్లో కొట్టేలాంటి రోమన్ రూపం. పండితుల రోమన్ లిపికి ఐఎస్ఓ 15919 ఉంది, విదేశీ విశ్వవిద్యాలయాలవారికి అది కావాలి. మన వాడుకదారుల్లో ఒక్కరూ అది టైపు చేయరు.

అను ఫాంట్లలో, ఇంకా అలాంటి పాత డీటీపీ ఫాంట్లలో చేసిన సావనీర్లు, కరపత్రాలు మన ప్రెస్సుల్లో లెక్కలేనన్ని. తెర మీద చక్కని తెలుగే, కాపీ చేసి ఇంకోచోట పెడితే గజిబిజి. ఆ ఫైళ్లని అసలు ప్రతిగా ఉంచుకుని, ఫాంటు పేరు పట్టికలో రాసి, పీడీఎఫ్-ఏ ఒకటి, యూనికోడులోకి మార్చిన పాఠం ఒకటి చేర్చండి. ఫాంటు పేరు రాయకపోతే పదేళ్ల తర్వాత దేని నుంచి మార్చాలో తెలీదు.

చిన్న పురుగు ఇంకోటుంది. ‘డిసెంబర్‌లో’ అన్నప్పుడు ర్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి కూర్చుంటుంది, పొల్లుని పక్క అక్షరంతో కలవకుండా ఆపడానికి. ఒకరు అది పెట్టి, ఒకరు పెట్టకుండా టైపు చేస్తే వెతుకులాటలో రెండూ వేర్వేరు మాటలు. వాడుక మాటల గడిలో (దాని సంగతి తర్వాతి అడుగులో) ఆ అక్షరం లేకుండా రాయాలని ఒక నియమం పెట్టుకోండి. తెలుగు అంకెలున్నచోట ఉన్నది ఉన్నట్టు గడిలో ౧౯౩౬ అనే ఉంచి, తేల్చిన తేదీలో 1936 రాయండి.

7. విషయం ఎవరి మాటల్లో?

రెండు జాబితాలు నడపండి. ఒకటి మీ సేకరణ అంతటికీ ఒకేలా ఉండే విషయాల పట్టీ: వరద, తుపాను, కాలువ రవాణా, వరి, కొబ్బరి, చేపలవేట, లేసు, చేనేత, తిరనాళ్లు. పదార్థం పెరిగితే పట్టీ పెరుగుతుంది, కానీ ఒకే విషయానికి రెండు పేర్లు అందులో ఉండకూడదు. రెండోది వాడుక మాటలు, ఇందులో ఎన్నున్నా మంచిదే. సార్వా, దాళ్వా అని రైతు అంటాడు, ఖరీఫ్, రబీ అని వ్యవసాయ శాఖ అంటుంది. గట్టు, ఏటిగట్టు, కరకట్ట, ఫ్లడ్ బ్యాంకు. కురిడీ కాయ, ఎండుకొబ్బరి. పులసకి హిల్సా అన్న పేరు, టెన్యువలోసా ఇలిషా అన్న శాస్త్రీయ నామం రెండూ పక్కన ఉంటే కోల్‌కతా పరిశోధకుడూ వస్తాడు.

మనుషుల పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మన పాత గ్రూపు ఫొటోలు చూడండి. మధ్యలో కుర్చీలో కూర్చున్న కామందు గారి పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది. వెనక నిలబడ్డవాళ్లు ‘పాలేర్లు’. ఆడవాళ్లు ‘ఫలానావారి భార్య’. నరసాపురం లేసు అల్లేవాళ్ల ఫొటో అయితే ఎగుమతిదారు పేరు ఉంటుంది, అల్లిన పది చేతులకీ పేరుండదు. శీర్షిక రాసేవారు దీన్నే పట్టికలోకి దించితే, వందేళ్ల కిందటి చిన్నచూపుని ఇంకో వందేళ్లు భద్రపరిచినవాళ్లవుతారు.

చేయాల్సింది ఇది. ఫొటో కింద, వెనక ఉన్న రాతని ఉన్నది ఉన్నట్టు గడిలో ఉంచండి, అది చరిత్ర. వివరణలో ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి, తెలీనివారికి ‘పేరు తెలియాలి’ అని రాయండి. ఆ ఫొటో పెద్ద ప్రింటు తీసి ఆయా పేటల్లోకి పట్టుకెళ్లండి. గుర్తుపట్టినవాళ్లు ఏ పేరుతో పిలిచారో అదే రాయండి, ఎవరు గుర్తుపట్టారో కూడా రాయండి. పాత రాతలో కులాన్ని కించపరిచే మాటలుంటే అవి విషయాల పట్టీలోకి రాకూడదు. అక్కడ ఆ సముదాయం తమని తాము పిలుచుకునే పేరే ఉండాలి. దీనిమీద కమిటీలో వాదనలు జరుగుతాయి. జరగనివ్వండి, తేలినదాన్ని మాత్రం ఒక నియమంగా రాసిపెట్టండి.

ఇంతదాకా చెప్పినవి కలిస్తే రికార్డు ఎలా ఉంటుందో చూపడానికి ఒక నమూనా. ఫొటో ఊహించినదే.

గుర్తింపు: ఫొటో 0147
శీర్షిక (మేం పెట్టింది): ఏటిగట్టు మీద వరద బాధిత కుటుంబాలు, పడవ దిగుతున్న ఆడవాళ్లు
ఉన్నది ఉన్నట్టు: వెనక నీలి సిరాతో “గట్టు మీద మేము. అక్షయ శ్రావణం”
తేల్చిన తేదీ: 1986-08~
ఆధారం: అక్షయ 1926 లేదా 1986. రంగుల ప్రింటు, గట్టు మీద ప్లాస్టిక్ బిందెలు. ఆగస్టు వరద శ్రావణంలోనే వచ్చింది
ఫసలీ: 1396
అప్పటి స్థలం: తూర్పు గోదావరి జిల్లా. ఇప్పటి స్థలం: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. చోటు: వశిష్ఠ ఎడమగట్టు, పాత రేవు దగ్గర
మనుషులు: 1 నుంచి 9. 3, 4 గుర్తుపట్టారు, మిగతావి తెలియాలి
విషయం: వరద
వాడుక మాటలు: గోదారి వరద, గట్టు, ఏటిగట్టు, కరకట్ట, లంక, పడవ, నావ, పునరావాసం
ఇచ్చినవారు: కుటుంబం (పేరు లోపలి పట్టికలో)
అనుమతి: ఊళ్లో, బడిలో చూపొచ్చు. ఇంటర్నెట్‌లో ముఖాలు పోల్చలేని సైజులో మాత్రమే

చివరి రెండు గడుల గురించే తర్వాతి అడుగు.

8. ఎవరు చూడొచ్చు

హక్కులు, అనుమతి రెండు వేర్వేరు సంగతులు. హక్కులు చట్టం చెప్తుంది. మన కాపీరైటు చట్టం ప్రకారం రచనకి రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు, ప్రచురించిన ఫొటోకి ప్రచురణ తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అనుమతి మనుషులు చెప్తారు. కాపీరైటు తీరిపోయిన శోకపు పాటనైనా, ఆ ఇంటివాళ్లు బయట వినిపించొద్దంటే వినిపించకూడదు.

రికార్డింగు మొదట్లోనే అనుమతి అడిగి, జవాబు కూడా టేపులోనే రానివ్వండి. “ఈ పాట మన ఊళ్లో వాళ్లే వినాలాండీ, ఎవరైనా వినొచ్చాండీ?” అని సూటిగా. సంతకం పెట్టించుకున్న ఇంగ్లీషు ఫారం కంటే ఇది గట్టిది. ఆదివాసీ సముదాయాల కోసం తయారైన ‘ముకుర్తు’ అనే ఉచిత వేదికలో ఏ వస్తువు ఎవరు చూడొచ్చో సముదాయమే నిర్ణయించే ఏర్పాటు ఉంది. ‘లోకల్ కాంటెక్స్ట్స్’ సంస్థవారి సంప్రదాయ జ్ఞాన లేబుళ్లదీ (వస్తువుని ఎలా వాడాలో సముదాయం చెప్పే గుర్తులు) అదే దారి. స్ప్రెడ్‌షీటులో అయితే నాలుగు స్థాయిలు చాలు: అందరికీ, ఊరికి, కుటుంబానికి, ఫలానా సంవత్సరం దాకా ఎవరికీ కాదు. మూసిన వస్తువు ఉందన్న సంగతి బయటి పట్టికలో కనిపించాలో వద్దో కూడా అడగండి. కొన్నిసార్లు పేరు కనిపించడమే ఇబ్బంది.

దస్తావేజులు, సొసైటీ పుస్తకాలు, పరిహారం జాబితాలు స్కాన్ చేస్తుంటే ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, వేలిముద్రలు వస్తాయి. బయటికిచ్చే నకలులో వాటిని మూసేయండి. ఇచ్చినవారి చిరునామా, ఫోను వేరే లోపలి పట్టికలో, తాళంతో.

9. చేసిన పనికి దస్త్రం

ఫైలుకి ఏం జరిగిందో రాసే ప్రమాణం ప్రెమిస్. 2005లో వచ్చింది. వస్తువు, సంఘటన, చేసినవారు, హక్కులు అని నాలుగు రకాల వివరాలు అందులో. మనకి పనికొచ్చేది ‘సంఘటన’: ఏ రోజు, ఎవరు, ఏ యంత్రంతో, ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేశారు. ఎప్పుడు ఫార్మాట్ మార్చారు. చెక్‌సమ్ ఎప్పుడు సరిచూశారు, సరిపోయిందా. వేరే షీటులో ఒక్కో సంఘటనకి ఒక్కో వరుస చాలు. పట్టిక దిద్దినప్పుడూ అంతే: ఏ గడి, పాత మాట ఏమిటి, ఎవరు చెప్తే మార్చారు.

10. వెతికించి చూడండి

ఓ యాభై రికార్డులయ్యాక ఆపండి. మొదటి అడుగులో ప్రశ్నలడిగినవాళ్లని పిలిచి, ఫోను చేతికిచ్చి, వాళ్లనే వెతకమనండి. మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా, వాళ్లు కొట్టిన మాటలు రాసుకోండి. లస్కరుగా (కాలువలు చూసుకునే ఉద్యోగిగా) చేసి రిటైరైనాయన ‘లాకు’ అని కొడితే ఏమీ రాక, ‘లాకులు’ అంటే వస్తే, లోపం ఆయనది కాదు. చదవడం రానివారు నోటితో చెప్పి వెతుకుతారు, ‘గోదారి’ అంటే ఫోను ‘గోదావరి’ అని రాసుకోవచ్చు. రెండూ ఉండాలి.

ఆ తర్వాత కూడా దొరకని వెతుకులాటల జాబితా ఒకటి గ్రంథాలయం బల్లమీద పుస్తకంలా పెట్టండి. వచ్చినవారు ఏం అడిగారు, ఏ మాటతో అడిగారు, దొరికిందా. నెలకోసారి కూర్చుని ఆ మాటల్ని వాడుక మాటల గడిలో కలపాలి. ‘పేరు తెలియాలి’ అన్న గడుల జాబితా కూడా అదే పుస్తకంలో వెనక పేజీల్లో ఉంచితే, ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లు తిరగేస్తారు. చెక్‌సమ్‌ల సరిచూపు ఏటా జూన్‌లో, గోదారికి వరద ఎర్రనీళ్లు రాకముందు పెట్టుకోండి. బయట ఉన్న నకలు అప్పుడే తాజా చేయాలి, పట్టికని సీఎస్‌వీగా ఒకటి, కాగితం మీద ఒకటి దించి ఆ డిస్కుతో పాటే పంపాలి.